శోకాల పాటకు కొత్త మౌత్‌పీస్

పొద్దు వాలేలోగా క్లారినెట్‌కి మౌత్‌పీస్ దొరక్కపోతే అన్న కోసం ఏడవడానికి లాంబ్రోస్‌కి వేరే దారి లేదు. అన్న ఫోటిస్ ఈస్టర్ ముందు ఉపవాసాల్లో పోయాడు. మట్టి చేసేటప్పుడు ఊరంతా ఏడ్చింది. వదిన హైదో గొంతు పోయేలా శోకాలు పెట్టింది. లాంబ్రోస్ మాత్రం కొయ్యబారి నిలబడ్డాడు. రాతిగుండె అన్నారు. తన ఏడుపు క్లారినెట్లో ఉందని, అది బయటికి తీస్తేగానీ రాదని ఎవరికి చెప్పుకుంటాడు?

మా పొగోని కొండసీమ ఊళ్లలో మరియమ్మ పండుగ చనిపోయినవాళ్లను తలుచుకోవడంతోనే మొదలవుతుంది. ముందు శోకాల పాట, తర్వాతే ఆటలు. చావు జరిగిన ఇంటివాళ్లు ఏడాది దాకా వాద్యం ముట్టుకోకూడదు. లాంబ్రోస్ పెద్దల కాళ్లావేళ్లా పడి ఆ ఒక్క పాటకు ఒప్పించుకున్నాడు. అది వాయించి, క్లారినెట్ పెట్టెలో పెట్టేసి, ఇంటికి పోవాలి.

తీరా పండుగ పొద్దున మౌత్‌పీస్ మొరాయించింది. తండ్రి కాలం నాటిది. పళ్లు ఆనేచోట గుంటలు పడి, స్వరం పలికించే రీడు బద్ద కూర్చునే అంచులు అరిగిపోయి ఎన్నాళ్లయిందో. మార్చరా బాబూ అంటే వింటేగా! మైనం పూసి నెట్టుకొచ్చాడు. ఇప్పుడు కొస కూడా పెచ్చు లేచింది. ఊదితే బుస్సుమనే గాలి తప్ప స్వరం లేదు.

బస్సెక్కి యానినా పట్నం చేరేసరికి దుకాణాలన్నీ మూసే ఉన్నాయి. వాద్యాలమ్మే పోలిక్సేని ఇల్లు కొట్టు మీదే. తలుపు విరిగేలా కొడితే ఆవిడ పిండి చేతులతోనే దిగివచ్చింది. పండుగపూట కూడా తిననివ్వరా అని సణుగుతూనే, అతని మొహం చూసి, ఉన్న మౌత్‌పీసులన్నీ బల్ల మీద పరిచింది.

"ఏ పాట వాయించాలో అదే వాయించి చూసుకో నాయనా. చెప్పు కొనేవాడు చేతికి తొడుక్కుని చూస్తాడా?"

"ఇక్కడ ఎలా వాయించనక్కా?" అంటూ లాంబ్రోస్ పైకప్పు వైపు చూశాడు.

పైన ఆవిడ కోడలు నెలలు నిండి పడుకుని ఉంది. ప్రాణాలున్న ఇంట్లో ఆ పాట ఎత్తితే చావును పిలిచి పీట వేసినట్టే. పోలిక్సేని గబగబా శిలువ గుర్తు వేసుకుంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అందుకని ఆట పాట వాయించాడు. నల్లచొక్కా వేసుకుని, అన్న మట్టి ఇంకా ఆరకముందే, గెంతే పాట. సిగ్గుతో చచ్చిపోయాడు. పైన కోడలు కాబోలు, నేల మీద కాలితో తాళం వేస్తోంది. నోరు వెడల్పున్న మౌత్‌పీసులో స్వరాలు తడి సబ్బులా జారిపోయాయి. సన్ననోటి దానిలో ఒక్కొక్కటీ విడివిడిగా, కడిగినట్టు పలికింది. ఎటూ తేల్చుకోలేక మళ్లీ మళ్లీ మార్చి ఊదాడు. పెదవి చిట్లింది. బస్సు వేళ ముంచుకొస్తోంది. చివరికి సన్ననోటి దాన్నే జేబులో వేసుకుని పరుగెత్తాడు.

అక్కడే కొంప మునిగింది. గెంతే పాటకు స్వరం నిలబడాలి. శోకాల పాటకు జారాలి. ఆ సంగతి లాంబ్రోస్‌కి తెలియదా? చిన్నప్పటినుంచీ తెలుసు. కంగారు మనిషిని వెర్రివాణ్ణి చేస్తుంది.

అతను ఊరు చేరేసరికి చర్చి ముందు జనమంతా చేరి ఉన్నారు. లాంబ్రోస్ మొదటి స్వరం ఎత్తి, కిందికి జార్చబోయాడు. జారలేదు. మెట్టు మెట్టుగా దిగింది. మళ్లీ ఎత్తాడు. పెదవి సడలించాడు, గొంతు బిగించాడు, దేవుడికి దండం పెట్టుకున్నాడు. మెట్టు మెట్టుగానే దిగింది. అన్న చావుకు లెక్కలు అప్పజెబుతున్నట్టుంది. ముందు వరసలో ఒకాయన తల దించుకున్నాడు. లాంబ్రోస్ పెదవి మళ్లీ సవరించుకున్నాడు. ఈ ఒక్క పాటా పోతే, ఇక జన్మలో ఫోటిస్ కోసం తను ఏడవలేడు. వేళ్లు ఆగిపోయాయి. ఒక్క స్వరం మాత్రం నోట్లో మిగిలింది. అదొక్కటే నిలువుగా మోగుతోంది.

అప్పుడు గుంపు వెనకనుంచి ఒక గొంతు లేచింది. హైదో. మొగుడు పోయిన ఏడాదంతా తలుపులేసుకుని ఇంట్లో ఉండాల్సిన మనిషి, నల్లగుడ్డ తల మీదికి లాక్కుని నడిచి వస్తూ పాట అందుకుంది. అరిగిన గొంతే, కానీ జారాల్సినచోట జారింది, విరగాల్సినచోట విరిగింది. జనం పక్కకు జరిగి దారిచ్చారు.

లాంబ్రోస్ ఆ ఒక్క స్వరాన్నే ఆమె పాట కింద శ్రుతిగా పట్టాడు. ఇన్నాళ్లూ పైన పాడింది తన క్లారినెట్టే. తను ఏడిపిస్తే ఊరు మెచ్చుకునేది. కింద వయొలిన్ మీద శ్రుతి పట్టింది ఫోటిస్. అతనివైపు ఎవరూ చూసేవారు కాదు, తనూ చూడలేదు. చెయ్యి లాగుతోందని అన్న ఒక్కనాడూ అనలేదు.

హైదో పాట ముగించింది. లాంబ్రోస్ ఆపలేదు. ఆపితే అన్న నిజంగా పోయినట్టే అనిపించింది. ఊపిరి అయిపోతే ఇంకో ఊపిరి తీసి మళ్లీ పట్టాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

హైదో దగ్గరికొచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"చాల్లే లాంబ్రోస్. వెళ్లనియ్యి ఆయన్ని."

క్లారినెట్ నోట్లోంచి తియ్యగానే అతనికి ఏడుపొచ్చింది, వాద్యం ఏదీ లేకుండా, అందరి ముందూ, పసివాడిలా.