రోజుకి ఒక్క బస్తా

బోర్లా పడుకోవడం కూడా ఒక పనే అని హమాలీకి ఆ రోజే తెలిసింది. చేతులు రెండూ తల పక్కన పెట్టుకుని, ముఖం ఒక వైపుకి తిప్పి, స్కానింగ్ మిషన్ బల్ల మీద ఎంతసేపటి నుంచి ఉన్నాడో అతనికే తెలియదు. మిషన్ వేడెక్కకూడదని గదిని ఐసుగడ్డలా చేసి పెట్టారు. మనిషి వణుకుతున్నాడా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. వీపు మీద సన్నటి తీగలు అంటించి, బల్లని ఒకసారి ఆ గుండ్రటి కంతలోకి పంపి వెనక్కి లాగి, నడుముకి కాస్త పైన పెన్నుతో చుక్క పెట్టారు. సూది దిగేది అక్కడే. మత్తు ఇచ్చారు గానీ అది పైపైన తోలుకీ కండకీ సరిపోయింది. ఎముక దగ్గరికి వచ్చేసరికి అన్నీ తెలుస్తున్నాయి.

జట్టులో అతన్ని గోడ అంటారు. ఎంత బరువు వీపున వేసినా అడుగు తడబడదని ఆ పేరు. పోయిన ఏడాది చివర్లో ఆ గోడకి బీట పడింది. మొదట పడుకుంటే నొప్పి, తర్వాత లేస్తే నొప్పి, ఈ మధ్య ఎడమ కాలు తిమ్మిరి. నూనెలు, పట్టీలు, కాపడాలు అన్నీ అయ్యాక పెద్దాసుపత్రికి వచ్చాడు. డాక్టరమ్మ ఫిల్మ్‌ని వెలుగుకి ఎత్తి పట్టుకుని, వెన్నుపూస ఒకటి లోపల గుల్లయిపోయిందని చెప్పింది. అది క్షయ అయినా కావచ్చు, అంతకన్నా పాడు జబ్బు అయినా కావచ్చు, మిషన్‌లో చూస్తూ సూదితో ముక్క తీస్తే గానీ తేలదంది.

అది విన్నప్పుడు అతనికి గోడౌను గుర్తొచ్చింది. సరుకు కొనేవాళ్ల మనిషి బోలు గొట్టం తెచ్చి బస్తాలో పొడుస్తాడు. గొట్టంలోకి వచ్చిన గుప్పెడు గింజల్ని అరచేతిలో పోసుకుని మొత్తం సరుకుకి ధర కట్టేస్తాడు. గొట్టం ఎక్కడ దిగుతుందో కనిపెట్టి అమ్మేవాళ్లు అక్కడే మంచి గింజ నింపుతారు. ఇక తన లోపల కూడా గుప్పెడు తీసి తన ధర చెబుతారన్నమాట అని అతను పెళ్లాంతో అంటే, ఆమె నవ్వలేదు.

సూది కొంచెం దిగగానే డాక్టరమ్మ గాజు తలుపు వెనక్కి వెళుతుంది. మిషన్ తిరుగుతుంది. ఆ తిరిగేటప్పుడు ఒళ్లు కదిలితే సూది మొన ఎక్కడుందో బొమ్మలో సరిగ్గా కనపడదు. అందుకని ఊపిరి బిగపట్టమని మైకులో చెప్పింది. హమాలీ బుద్ధిగా బిగపట్టాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. మీసాలు మొలవని నాటి నుంచి అతను ఊపిరి ఆపిన ప్రతిసారీ వీపు మీదకి బరువు దిగింది. ఇద్దరు మనుషులు బస్తా ఎత్తి పట్టుకుంటారు, తను వంగుతాడు, ఊపిరి ఆగుతుంది, మెడ నుంచి పిరుదుల దాకా కండ రాయిలా గట్టిపడుతుంది. ఒకటి చేసి రెండోది మానడం ఆ ఒంటికి రాదు. వెన్నుకి రెండు పక్కలా కండలు ఉబికి, సగం దిగిన సూదిని పక్కకి నెట్టేశాయి.

డాక్టరమ్మ వచ్చి చూసి విసుక్కుంది. ఊపిరి మాత్రమే ఆపాలనీ వీపు వదిలెయ్యాలనీ నెమ్మదిగా చెప్పింది. అలాగేనమ్మా అన్నాడు. మళ్లీ మిషన్ తిరిగింది, మళ్లీ వీపు బిగిసింది. ఈయన వీపు సూదిని కొరికేస్తోంది మేడమ్ అని పక్కనున్న నర్సు నవ్వాపుకుంది. హమాలీకి సిగ్గేసింది. ఇన్నేళ్లలో పని చేతకాదని అతన్ని ఎవరూ అనలేదు. మూడోసారి సూది నరాన్ని రాసుకుని, తుంటి నుంచి మడమ దాకా నిప్పు పాకినట్టయి గట్టిగా అరిచాడు. డాక్టరమ్మ చెయ్యి ఆపేసింది.

బయట బెంచీ మీద కూర్చున్న అతని భార్యకి ఆ అరుపు వినపడింది. ఆమె కూడా ఆ గోడౌనులోనే బస్తాల మూతులు కుట్టే పని చేస్తుంది. కాసేపటికి డాక్టరమ్మ చిన్న సీసా పట్టుకుని వచ్చింది. అందులో కాస్త నెత్తురు, మెతుకంత ముక్క.

"ఇది చాలదేమోనమ్మా. పంపిస్తాను గానీ ఆశ పెట్టుకోవద్దు. మళ్లీ తియ్యాల్సి రావచ్చు," అంది.

మళ్లీ ఎప్పుడని ఆమె అడిగింది. మిషన్ మీద వంతు వచ్చే నెలకి గానీ దొరకదట. ఈలోగా మందైనా మొదలుపెట్టమని బతిమాలింది. క్షయకి ఇచ్చే మందు ఆ రెండో జబ్బుకి పనికిరాదు, ఊరికే వేస్తే అసలు జబ్బు దాక్కుంటుంది, నా చేతుల్లో లేదమ్మా అంది డాక్టరమ్మ. నిజంగానే ఆమె చేతుల్లో ఏమీ లేదు. ఒక్క మిషన్‌కి అంత మంది రోగులు, అంత మందికి ఆమె ఒక్కతే.

"ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఆ ఎముక మీద బరువు పడకూడదు. కూలిందంటే వెనకే నరం ఉంది. రెండు కాళ్లూ పడిపోతాయి. మళ్లీ రావు," అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

బస్సులో హమాలీ సీటు అంచున వంకరగా కూర్చున్నాడు. ఆమె డాక్టరమ్మ మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పింది. అన్నీ విని, పొద్దు కుంకేలోపు గోడౌనుకి చేరతామా అని అడిగాడు.

అతను అడిగినదాంట్లో వింతేమీ లేదు. జట్టుకి ఒక కట్టుబాటు ఉంది. పని ఉన్న రోజున ప్రతివాడూ మూతి కుట్టిన బస్తా ఒక్కటైనా లారీకెక్కించాలి. ఎక్కించినవాడికే జట్టులో చోటు. ఎక్కించనివాడి చోటు మర్నాడు పొద్దున్నే గేటు బయట ఎదురుచూసేవాళ్లలో ఒకడికి పోతుంది. ఈ కట్టుబాటు పెట్టింది యజమాని అయితే తిట్టుకోవడానికైనా ఉండేది. జట్టువాళ్లే పెట్టుకున్నారు. పని ఎగ్గొట్టి వాటాకి మాత్రం తయారయ్యే సోమరుల కోసం పెట్టుకున్నామన్నారు. సోమరులు ఎలాగో ఒక బస్తా ఎత్తి నెట్టుకొచ్చారు. ఆ కట్టుబాటుకి దొరికిందల్లా కాలు విరిగినవాడూ, ఆయాసం వచ్చినవాడూ. కట్టుబాటు పెట్టుకున్న రోజున గోడ కూడా అందరితో పాటు చెయ్యెత్తినవాడే. తన ఒళ్లు ఎప్పటికీ తన మాట వింటుందనుకునే వయసు మరి.

"ఒక్కటేగా. ఒక్క బస్తాకి ఏమైపోతాను?" అన్నాడు.

అతనికి కాళ్లు పోతే ఏమవుతుందో, చోటు పోతే ఏమవుతుందో రెండూ ఆమెకి తెలుసు. రెండింటిలో ఏది చిన్న కష్టమో తూచే తక్కెడ మాత్రం ఆమె దగ్గర లేదు. ఏడుపొస్తే పక్కవాళ్లు చూస్తారని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గోడౌను ముందు చివరి లారీ నిండబోతోంది. మేస్త్రీ హమాలీకి పెదనాన్న కొడుకు, చెడ్డవాడు కాదు. వీళ్ల కోసమే లారీని ఆపించి ఉంచాడు. గోడౌను తలుపు పక్కన సగానికి పైగా నింపిన బస్తా ఒకటి నిలబెట్టి ఉంది. దాని మూతి ఇంకా కుట్టలేదు.

"తేలికది ఒకటి నీ కోసం ఉంచాన్రా తమ్ముడూ. లారీ దాకా నాలుగడుగులు. మనవాళ్లెవరూ ఏమీ అనరు," అన్నాడు మేస్త్రీ. చుట్టూ ఉన్న హమాలీలు తలలూపారు. బరువులో చూసీచూడనట్టు పోతారు గానీ ఎత్తకుండా చోటు నిలబెట్టడం మాత్రం వాళ్లలో ఎవరికీ తోచలేదు. ఎవడైనా ముందు ఆ మాటంటే మిగతావాళ్లు ఒప్పుకునేవారేమో. ఎవడూ అనలేదు.

హమాలీ తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. వీపు మీద దూది పట్టీ చొక్కాలోంచి కనపడుతోంది, దాని నడిమధ్య ఎర్రటి మరక. ఇద్దరు బస్తాకి అటూ ఇటూ నిలబడ్డారు. మేస్త్రీ ఆమె వైపు చూసి, త్వరగా నాలుగు కుట్లు వెయ్యమ్మా అన్నాడు.

ఆమె బస్తా ముందు కూర్చుంది. దబ్బనానికి పురికొస ఎక్కించింది. బస్తా మూతి రెండు చేతులతో దగ్గరికి లాగింది. అక్కడే ఆగిపోయింది.

"ఏమ్మా?" అన్నాడు మేస్త్రీ.

బావగారి ఎదుట ఆమె తలెత్తి మాట్లాడిన మనిషి కాదు. ఇప్పుడూ తలెత్తలేదు. బస్తాలోకి చూస్తూనే చెప్పింది.

"నేను కుట్టను బావగారూ."

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. హమాలీ వంగినవాడు వంగినట్టే ఉండి, మెడ మాత్రం తిప్పాడు.

"కుట్టవే. నా చోటు పోతుంది," అన్నాడు. కోపంగా మొదలైన గొంతు చివరికి బతిమాలుతున్నట్టయింది. పెళ్లైన ఇన్నేళ్లలో అతను ఆమెని బతిమాలడం అదే మొదటిసారి.

"పోనీ," అంది ఆమె. పట్టుకున్న చేతులు వదిలేసింది. బస్తా మూతి జారి తెరుచుకుంది.

రేపు పొయ్యి ఎలా వెలుగుతుందో ఆమె ఆలోచించలేదు. ఆలోచిస్తే కుట్టేసేదే.

మేస్త్రీ ముఖం నల్లబడింది. అందరి ముందూ ఆడదానితో వాదులాడటం ఇష్టం లేక, పక్కనే కాళ్లు చాపుకుని కూర్చున్న ముసలామెని పిలిచాడు. ఆమె కూడా బస్తాలు కుట్టేదే. ఈ కట్టుబాటు వచ్చాక జట్టులోంచి మొదట వెళ్లిపోయిన మనిషికి పెళ్లాం. ఆయన విరిగిన కాలు ఈడ్చుకుంటూ ఒక బస్తా ఎత్తబోయి ఈ గోడౌను అరుగు మీదే కూలబడ్డాడు. ఆ పైన ఎన్నాళ్లో బతకలేదు.

"నువ్వు కుట్టు అత్తా. నాలుగు కుట్లే," అన్నాడు మేస్త్రీ.

ముసలామె నెమ్మదిగా ముందుకి జరిగింది. బస్తాని తన వైపుకి లాక్కుంది. కట్టుబాటు పెట్టిన రోజు ఎత్తిన చేతుల్లో ఈ వంగినవాడి చెయ్యి కూడా ఉందని ఆమెకి తెలుసు. అది అతనికీ గుర్తొచ్చినట్టుంది, కళ్లు దించుకున్నాడు. ఆమె పురికొస చివర నోట తడిపి, దబ్బనానికి ఎక్కించి, బస్తా మూతి దగ్గర చెయ్యి ఆపి, అతని కాళ్ల వైపు చూస్తూ కూర్చుంది. లారీ హారన్ మళ్లీ మోగింది.