మేస్త్రీ బొటనవేలు

టైల్స్ మేస్త్రీ వయసంతా గొంతుక్కూర్చునే గడిచిపోయింది. ఒంటి బరువంతా మునివేళ్ల మీద మోపి, ఎవరెవరి వంటిళ్లలోనో, ఆఫీసు వరండాల్లోనో పలక పక్కన పలక పేర్చుకుంటూ వచ్చాడు. ఆ బరువు మోసిన కుడికాలి బొటనవేలు చివరికి మొరాయించింది. వేలి మొదట్లో ఎముక బుడిపెలా పెరిగింది. పొద్దున్నే మంచం దిగి అడుగేస్తే తాతలు దిగొచ్చేవారు. అయినా నోరు మెదపకుండా, పళ్ల బిగువున పనికి పోయేవాడు.

కుడి చెప్పు బయటి అంచు ఒక్కటే అరిగిపోవడం చూసి భార్య పట్టేసింది.

"ఎన్నాళ్ల నుంచి దాస్తున్నారు?" అని నిలదీసి, ఆస్పత్రికి లాక్కుపోయింది. వెంట ఆమె తమ్ముడూ బయలుదేరాడు. బావ దగ్గర పని నేర్చుకుని, బావతోనే పనిచేస్తున్నవాడు. బావ మూలన పడితే తన గతేమిటని అతని బెంగ.

పాదాల సర్జన్ ఎక్స్‌రే చూపించింది. కీలు మధ్య ఉండాల్సిన సందు దాదాపు కనబడలేదు.

"ఇప్పుడు చిన్న చిల్లు పెట్టి చేసేస్తున్నారట కదా డాక్టరుగారూ? మర్నాడే నడిపిస్తారట!" అన్నాడు బావమరిది.

"చేస్తాం. సన్నటి రంధ్రంలోంచి చిన్న మరను పంపి, పెరిగిన ఎముకను అరగదీస్తాం. గాయం త్వరగా మానుతుంది. కానీ పైన గాటు చిన్నదైనంత మాత్రాన లోపలి కీలు కొత్తదైపోదు. కొన్నాళ్లు హాయిగా ఉంటుంది. మళ్లీ ఇదే పని చేస్తే నొప్పి తిరగబెట్టొచ్చు."

"ఇంకో దారేం లేదా అమ్మా?" అంది భార్య.

"ఉంది. అరిగిన కీలు తీసేసి, రెండు ఎముకల్నీ కలిపి స్క్రూలతో బిగించెయ్యడం. అవి అతుక్కుంటే నొప్పి పుట్టడానికి అక్కడ కీలే ఉండదు. నడక బాగుంటుంది. వేలు మాత్రం ఇక వంగదు. గొంతుక్కూర్చుని పనిచెయ్యడం మర్చిపోవాల్సిందే."

"కీలే మార్చెయ్యకూడదూ?" అందామె.

"మార్చొచ్చు. ఇంత మొరటు పనికి అది ఆగుతుందని మాత్రం మాటివ్వలేను."

"ఇంకా ఆలోచనెందుకు బావా? మొదటిదే," అన్నాడు బావమరిది.

మేస్త్రీ ఎక్స్‌రే వైపే చూస్తూ, "రెండోది చెయ్యండి," అన్నాడు.

"మరి పనో?"

"చాల్లేరా," అన్నాడు మేస్త్రీ. ఆ మాట అనేసరికి అతని భుజాలు వాలాయి. అలిసిపోయానని చెప్పుకోవడానికి ఇన్నాళ్లూ సిగ్గుపడ్డాడు. ఇంకొకరెవరైనా ఇక ఆపమంటే బాగుండునని లోలోపల ఎదురుచూశాడు. ఎవరూ అనలేదు. భార్య అతని ముఖంలోకి చూసి, తమ్ముడి చెయ్యి నొక్కింది. వాడు ముఖం గంటు పెట్టుకున్నాడు.

పాదం మొద్దుబార్చి ఆపరేషన్ చేశారు. ఆ తర్వాతి రోజులే అసలు నరకం. కాలు దిండ్ల మీద, మనిషి మంచం మీద. మడమ మీదే బరువు వేస్తూ, అడుగు వంగని గట్టి బూటుతో స్నానాలగదికి వెళ్లొచ్చేసరికి ప్రాణం ఉసూరుమనేది. తొందరపడి తప్పుచేశానా అని గోడవైపు తిరిగి పడుకున్న పూటలూ ఉన్నాయి. బావమరిది కొన్నాళ్లు ముఖం చాటేసి, తర్వాత తానే వచ్చి, "మూల దగ్గర పలక కుదరట్లేదు బావా," అంటూ మంచం పక్కన చతికిలబడ్డాడు. మేస్త్రీ పడుకునే చెప్పాడు. వాడు విని, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

ఎముక అతుక్కుందని డాక్టరు చెప్పిన రోజు, ఆస్పత్రి నుంచి బస్టాపు దాకా ఆలుమగలిద్దరూ నడిచారు. వేలు కొయ్యముక్కలా ఉంది గానీ నొప్పి లేదు. కొంత దూరం పోయాక చూస్తే భార్య పక్కన లేదు. వెనక ఎవరిదో ప్రహరీ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమైంది?"

"మోకాలు. మీరు కుంటుతున్నన్నాళ్లూ నాది చెప్పుకోవడానికి సందేదీ?"

మేస్త్రీ వెనక్కి వచ్చి చెయ్యందించాడు. "రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"రేపొద్దు మహానుభావా! కొన్నాళ్లు ఆ ఆస్పత్రి వాసన పీల్చకుండా ఉండనివ్వండి," అంది ఆమె, అతని భుజం మీద బరువు మోపి.