వంటింటి కిటికీ ఉన్న బోటు

ఫెర్రీలో ఇంజిన్ మేస్త్రిగా ముప్పై ఏళ్ళు చెమటోడ్చి రిటైరయ్యాక ఆయనకు ఒక్కటే కోరిక మిగిలింది. ఓ పాత మోటారు బోటు కొనుక్కుని, భార్యతో కలిసి తీరం వెంబడే రేవు రేవునా ఆగుతూ వెళ్ళగలిగినంత దూరం వెళ్ళాలి. "బోటు నాకు నచ్చితేనే వస్తాను. లేకపోతే మీరొక్కరే ఊరేగండి," అని ఆవిడ ముందే తెగేసి చెప్పింది. ఆవిడ లేని ప్రయాణం ఆయనకు వద్దు.

పాత బోట్లు అమ్మే యార్డులో తిరగ్గా తిరగ్గా చివరికి రెండు బోట్లు తేలాయి. నీలం బోటు ఇంజిన్ మూత ఎత్తగానే మేస్త్రి మొహం చాటంత అయింది. ఆయిల్ వేళ్ళ మధ్య రాసి చూశాడు, వాసన చూశాడు. ఒక్క తిప్పుకే అందుకుంది, పొగ జాడ లేదు. తెల్ల బోటుది ముసలి ఇంజిన్. మూడుసార్లు దగ్గి, నల్లగా పొగ కక్కి గానీ లేవలేదు.

"ఇంకేం చూడాలి? నీలందే," అన్నాడు.

ఆవిడ అప్పటికే రెండూ ఎక్కి దిగింది. "నీలందాంట్లో వంటగది అడుగున ఉంది. గోడలు తప్ప ఏమీ కనబడవు. తెల్లదాంట్లో పొయ్యి స్టీరింగు పక్కనే. ఎదురుగా ఇంత కిటికీ!"

"కిటికీ బోటు నడుపుతుందా ఏమిటే?"

"మీరు పైన సముద్రం చూస్తూ ఉంటే, నేను కింద కూరలు తరుగుతూ కూర్చోవాలా?"

"కింద ఉంటే ఏమైంది? ముప్పై ఏళ్ళు నేనున్నది కింద ఇంజిన్ గదిలోనేగా! ఒక్కనాడైనా ఒడ్డు మొహం చూశానా?"

నోరు జారాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు.

వాళ్ళ వంటింటి కిటికీ రేవు వైపుండేది. రోజూ పొద్దున ఫెర్రీ అటుగా పోతూ రెండు హారన్లు కొట్టేది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, చంకలో పిల్ల ఏడుస్తున్నా సరే, ఆవిడ కిటికీలోంచి పసుపు తువాలు ఊపేది. డెక్కు మీంచి ఒకాయన చెయ్యి ఊపేవాడు. అంత దూరం నుంచి అది మేస్త్రే అనుకునేది ఆవిడ. సాయంత్రం "చూశారా?" అని అడిగితే, "చూడకేం!" అనేవాడు మేస్త్రి. పెళ్ళయిన కొత్తలో ఆవిడ సంబరం చూసి ఆడిన అబద్ధం అది. తర్వాత దిద్దుకునే ధైర్యం చాలలేదు. హారన్ కొట్టమని, ఫెర్రీ నడిపే సరంగును బతిమాలింది మాత్రం ఆయనే. ఇంజిన్ల హోరులో ఆ రెండు కూతల కోసం చెవులు రిక్కించుకుని నిలబడేవాడు. ఎంత చక్కని పొద్దులవి!

"అయితే ఇన్నేళ్ళూ నేను తువాలు ఊపింది సరంగుకా?"

ఆయన తల వంచుకున్నాడు.

"పాపం, మంచివాడు. ఒక్కరోజూ మానలేదు," అందావిడ. వెంటనే యార్డు కుర్రాళ్ళ మీద అజమాయిషీ చేస్తున్న బ్రోకరును పిలిచింది. "బాబూ, తెల్లదాన్నోసారి తిప్పుకు రా. నేనెక్కుతా. ఈయన గట్టు మీదే ఉంటారు."

మేస్త్రి గట్టు మీద ఒంటరిగా నిలబడ్డాడు. బోటు దూరంగా పోయి, మలుపు తిరిగి వస్తూ రెండు హారన్లు కొట్టింది. కిటికీ తెరుచుకుంది. నడుం దాకా బయటికి వంగి, చేతికందిన మసిగుడ్డ పట్టుకుని ఆవిడ ఊపుతోంది. ఇంత నవ్వుతూ ఊపేదా రోజూ? ఆయనకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. జేబులోని ఆయిలు గుడ్డ తీసి, చెయ్యి నొప్పెట్టేదాకా తనూ ఊపాడు.

బోటు గట్టుకు ఆనగానే, "తెల్లదే ఖాయం చెయ్యి. ఇంజిన్ నేను విప్పి బిగించుకుంటాను," అన్నాడు బ్రోకరుతో.

ఆవిడ ఆయన చెయ్యందుకుని దిగుతూ అడిగింది.

"చూశారా?"

"చూశానే," అన్నాడు మేస్త్రి.