ఇరవై గంటలు దాటాక

పంతొమ్మిదేళ్లుగా నాది ఒకటే పని. మా విశ్వవిద్యాలయానికి వేరే దేశాల నుంచి వచ్చే పిల్లలకు వీసా కాగితాల్లో ఏ గడిలో ఏం రాయాలో, వారానికి ఎన్ని గంటలు ఉద్యోగం చెయ్యొచ్చో, సెలవుల్లో దేశం దాటాలంటే ఎవరి సంతకం కావాలో చెప్పడం. చెప్పింది పెడచెవిన పెట్టి, గడువు చివరి రోజున ఏడుపు ముఖంతో వచ్చేవాళ్లను తిట్టడం కూడా నా పనిలో భాగమే. జీతం మాత్రం మొదటిదానికే ఇస్తారు.

ఆ రోజు మధ్యాహ్నం వచ్చిన అమ్మాయికి నేను మనసులో పెట్టుకున్న పేరు మూగనోము. రెండేళ్లుగా నేను పెట్టిన ప్రతి సమావేశంలోనూ ముందు వరుసలో కూర్చుని అక్షరం వదలకుండా రాసుకునేది. నోరు మాత్రం విప్పేది కాదు. ఇప్పుడు చదువైపోయింది. ఇక్కడే ఉద్యోగం చేసుకోవడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు ఆ సాయంత్రం ఐదింటిలోగా పంపాలి. అందులో ఒక ప్రశ్న ఉంటుంది: చదువుకునే రోజుల్లో ఎప్పుడైనా వారానికి ఇరవై గంటలకు మించి పని చేశారా? అవునంటే అనుమతి రాదు, పెట్టె సర్దుకోవడమే. లేదని అబద్ధం చెప్పి దొరికితే మళ్లీ ఈ దేశపు గడప తొక్కనివ్వరు.

ఆ అమ్మాయి నా బల్ల మీద జీతపు చీటీ పెట్టింది. కిందటి నెల రెండో వారానిది. పని గంటలు ఇరవై మూడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇన్నాళ్లూ రాసుకున్నదంతా ఏ గంగలో కలిపావమ్మా?"

"నేను ఇరవయ్యే చేశానండి. మిగతా మూడు గంటలు పని కాదు."

ఇలాంటివి విని విని నా చెవులు తుప్పు పట్టాయి. "సరే, చెప్పు. కథలు మాత్రం అల్లకు."

ఆమె ఓ వృద్ధాశ్రమంలో సహాయకురాలు. మంచం పట్టినవాళ్లను పక్కకు తిప్పడం, తినిపించడం, దుప్పట్లు మార్చడం ఆమె పని. అక్కడ అందరూ లెక్కల టీచరమ్మ అని పిలిచే పెద్దావిడ ఉండేవారట. ఆ వారం చివర్లో, ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఈ పిల్ల డ్యూటీ ముగిసింది, సరిగ్గా ఇరవై గంటలతో. అప్పటికే టీచరమ్మకు ఊపిరి అందడం లేదు. ఉన్న ఒక్క కూతురూ దూరదేశం నుంచి రెండు విమానాలు మారి రావాలి. "వెళ్లకే" అంటూ టీచరమ్మ ఈమె చెయ్యి పట్టుకున్నారు.

"వేలిముద్ర వేసి బయటికెళ్లానండి. యూనిఫారం విప్పేసి, మామూలు బట్టలు వేసుకుని, ముందు గేట్లోంచి మళ్లీ లోపలికొచ్చాను. చూడ్డానికి వచ్చేవాళ్ల పుస్తకంలో సంతకం పెట్టాను. ఐదింటిదాకా పక్కనే కూర్చున్నాను."

"కూర్చుని ఏం చేశావ్?"

"చెయ్యి పట్టుకున్నాను, అంతే. జీతం తీసుకోకపోయినా పని పనేనని మీరే చెప్పారు కదండీ. అందుకని దిండు జరపాలన్నా, పక్కకు తిప్పాలన్నా బెల్లు కొట్టాను. పదకొండు సార్లు. డ్యూటీలో ఉన్న నర్సక్క విసుక్కుంది, నీకు చేతులు పడిపోయాయా అని. ఇప్పుడు నేను చుట్టాన్నక్కా అన్నాను."

నా చేతిలో కలం బల్ల మీద పెట్టేశాను. జీతం లేకపోయినా పని పనేనన్న ఆ మాట నేను ఏటా చిలక పలికినట్టు పలుకుతాను. వినేవాళ్లలో సగం మంది ఫోన్లలో తలదూర్చి ఉంటారు. నిజం చెప్పాలంటే నేను కూడా వినను. దాన్ని ఈ పిల్ల ఒక మనిషి చివరి గంటల దాకా మోసుకెళ్లింది. అన్నీ తెలిసిన చేతులను మూడు గంటల పాటు కట్టేసుకుంది. నియమమూ తప్పలేదు, పట్టుకున్న చెయ్యీ వదల్లేదు. నా కూతురి వయసు పిల్ల. ఆమె ముందు లేచి నిలబడాలనిపించింది.

మరి ఆ మూడు గంటలు చీటీలోకి ఎలా ఎక్కాయి? వృద్ధాశ్రమం మేనేజరుకు ఫోన్ చేశాను.

"నేనే కలిపానండీ," అన్నాడాయన గర్వంగా. "పాపం, సాయంత్రం దాకా ఉందని నర్సు చెప్పింది. ఆ పిల్ల కష్టం ఊరికే పోకూడదని..."

"మీ మంచితనం తగలెయ్య! పిల్ల పుట్టి ముంచేవారు కదండీ!"

విషయం చెప్పాను. అరగంటలో వేలిముద్రల పట్టిక, సందర్శకుల పుస్తకంలో పేజీ, సరిచేసిన చీటీ, పొరపాటు తనదేనని ఉత్తరం, అన్నీ వచ్చేశాయి. నాలుగూ ఇరవైకి దరఖాస్తు తెరిచాం. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు ఆగిపోయింది.

"మేడం, ఒకటి చెప్పలేదు."

నేను గోడ గడియారం వైపు చూశాను.

"చివర్లో నీళ్లు అడిగారు. బెల్లు కొట్టాను. నర్సక్క వేరే గదిలో ఎవరితోనో ఉంది, రాలేదు. మళ్లీ కొట్టాను. టీచరమ్మ పెదాలు ఆరిపోతున్నాయి. చెంచాతో నేనే పోశాను. ఒక్క చెంచా. మింగారు. నావైపు చూశారు. ఇంకంతే..." తెర మీది ప్రశ్న చూపిస్తూ అడిగింది. "అది పనేనాండీ? పనైతే అవుననే పెడతాను."

ఆ చెంచాను చూసినవాళ్లు లేరు. కూతురు చేరేసరికి ఆరైంది. నర్సుకు తెలియదు. ఏ అధికారీ అడగడు. కడుపులో దాచుకుంటే పోయేది. కానీ రెండేళ్ల కష్టాన్నీ నా నోటిమాటకు అప్పగించి కూర్చుంది. ఎలాంటి సందేహానికైనా నేను నియమాల పుస్తకం తీస్తాను. ఆ రోజు చెయ్యి అటు పోలేదు. ఇంత నిజాయితీని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు, కొంచెం భయం కూడా వేసింది.

"ఆఖరి నీళ్లు గొంతులో పోసేది జీతగాళ్లు కాదమ్మా," అన్నాను. "అయినవాళ్లు."

ఆమె 'లేదు' అన్న గడి మీద నొక్కింది. దరఖాస్తు నాలుగూ నలభైకి వెళ్లిపోయింది. అప్పుడు ఏడ్చింది, సొంత మనిషి పోతే ఏడ్చినట్టు, వెక్కివెక్కి. నేను లేచి, బయట వరుసలో ఉన్నవాళ్లను ఆగమని చెప్పి తలుపు వేశాను.