తిన్నని గీతలు

బాగుచేసిన ఏ సైకిలునైనా ఏటి పక్క అడవిదారిలో ఒకసారి తొక్కి చూశాకే ఇవ్వడం మా షాపు పద్ధతి. ఆ దారి మొదట్లో పచ్చ బోర్డు ఉంటుంది. 'సులువైన దారి, ఎవరైనా తొక్కవచ్చు' అని. ఆ ఎవరైనాలో మా అన్నయ్య ఇంకెన్నాళ్ళుంటాడన్నదే నా దిగులు.

ఏడెనిమిది నెలలుగా అన్నయ్య చేతులు వణుకుతున్నాయి. మాత్రలు మింగుతున్నాడు. పని మానెయ్యమంటే ఇంతెత్తున లేస్తాడు. పని లేని అన్నయ్యను ఊహించుకోవడం నా వల్లా కాదు. అందుకే ఆయన భోజనానికి వెళ్ళగానే, ఆయన బిగించిన బోల్టులన్నీ నేను మళ్ళీ బిగిస్తాను. బిగించాక బోల్టు మీంచి కడ్డీ మీదకు గోళ్ళరంగుతో సన్నగీత గీయడం మా అలవాటు. బోల్టు వదులైతే గీత తెగి తెలిసిపోతుంది. ఆయన గీత తుడిచేసి నాది గీస్తాను. ఆరు నెలలుగా ఇదే దొంగపని.

ఆ ఉదయం చెరో సైకిలూ తీసుకుని బయల్దేరాం. ముందు అన్నయ్య, వెనక చప్పుళ్ళు వింటూ నేను. చెట్ల వేళ్ళ మీద ఎగిరెగిరి పడుతున్నా ఆయన బండి కిక్కురుమనలేదు.

"విన్నావా, చడీచప్పుడూ లేదు" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"గురువుగారి చెయ్యి పడ్డాక నోరెత్తుతుందా" అన్నాను. నవ్వాడు.

చెక్క వంతెన దగ్గర నీళ్ళు తాగడానికి ఆగాం. అన్నయ్య హ్యాండిలు మీదకు వంగి చాలాసేపు చూశాడు.

"ఇవి నా గీతలు కావురా."

"నీవి కాక ఇంకెవరివి?"

"గ్లాసెత్తితే సగం నీళ్ళు చొక్కా మీదే పోసుకుంటాను. ఇవేమో స్కేలు పెట్టినట్టున్నాయి."

వంకరగా గియ్యాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. చేయి తిరిగిన పనివాణ్ణన్న పొగరు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆరు నెలలు."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. వంతెన అంచున కూలబడ్డాడు.

"ఒక్క బండీ మళ్ళీ రిపేరుకు తిరిగి రావట్లేదంటే, పని దగ్గరైనా మందు పనిచేస్తోందనుకున్నాను. వెళ్ళినప్పుడల్లా డాక్టరు అడిగేవాడు, పనెలా సాగుతోందని. భేషుగ్గా ఉందని చెప్పాను. అయితే మందు మార్చక్కర్లేదన్నాడు."

నా సైకిలును వచ్చిన దారివైపు తిప్పాను.

"ఇప్పుడే వెళ్దాం అన్నయ్యా. నిజం చెబుదాం. మారుస్తాడు."

"మొదట్లో మారిస్తేనే ఫలితమట. మొన్ననే అన్నాడు. మనకా అవసరం రాలేదు, అదృష్టవంతులు అన్నాడు."

కింద ఏరు పారుతూనే ఉంది. నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు.

కాసేపటికి లేచి బండి ఎక్కబోయాడు. కాలు రెండుసార్లు జారింది. నేను వెళ్ళి చంక కింద చెయ్యి వేసి పట్టుకున్నాను. ఎప్పుడైనా అలా పట్టుకుంటే విదిలించి కొట్టేవాడు. ఈసారి తన బరువంతా నా మీద వేశాడు.