నీలం పెట్టె ఒప్పుకోలేదు

లిఫ్ట్ మెకానిక్‌కు ఆదివారం వచ్చిందంటే ఒకటే పని. కాఫీ తాగి, డైనింగ్ టేబుల్ మీద యూరప్ మ్యాప్ పరిచి, మార్చి మొదట్లో దొరికిన పదిరోజుల సెలవుకు ఎక్కడికెళ్లాలా అని పెళ్లాంతో వాదించడం. ఆయన సరస్సుల వైపు అంటాడు. ఆవిడ బట్టలు ఆల్టరేషన్ చేసే దర్జీ. ఆవిడ వేలు మాత్రం దక్షిణాన ఉన్న బాదంతోటల కొండల మీదే ఆగుతుంది. మార్చి వచ్చేసరికి అక్కడ ఆకు కంటే ముందే పువ్వు వస్తుందట.

వాదన తేలకపోతే నీలం పెట్టె ఉండనే ఉంది. అత్తగారిచ్చిన చక్రాల పెట్టె. అందులో ఎవరి బట్టలుంటే వాళ్ల సంగతి చెబుతుంది. ఊరి పేరు చెప్పి ఎత్తితే, కుదిరే ప్రయాణమైతే దూదిలా లేస్తుంది. కుదరనిదైతే నలుగురు పట్టినా కదలదు. ఆ తర్వాత "ఇంటికి" అని మరోసారి ఎత్తాలి. తిరిగొచ్చే ప్రయాణమైతే అప్పుడది తేలిగ్గా లేచి, చక్రాలు లోపలి గది వైపు తిప్పుకుంటుంది. పాతికేళ్లుగా ఇదే పద్ధతి. టికెట్ల ఆఫీసు అమ్మాయి కూడా ముందు "పెట్టె ఏమంది సార్?" అనే అడుగుతుంది.

ఈసారి సరస్సులంటే పెట్టె ససేమిరా అంది. ఆవిడ తన బట్టలు నాలుగు పడేసి, కొండల పేరు చెప్పి, చిటికెనవేలుతో ఎత్తేసింది. ఎత్తి, "ఇంటికి" అని చూడకుండానే బట్టలు తీసేసి, ఇస్త్రీ పనుందంటూ లోపలికి జారుకుంది.

అదిగో, అక్కడ పట్టుకున్నాడు మన మెకానిక్. అసలే అనుమానం మనిషి. శుభ్రంగా నడుస్తున్న లిఫ్టుకి కూడా చెవి ఆనించి, ఏదో కిర్రుమంటోందని గంటసేపు నిలబడే రకం. ఆ చెవిని ఇప్పుడు పెళ్లాం మీద పెట్టాడు. ఫోన్ మోగితే ఆవిడ బాల్కనీలోకి పోతోంది. ఎవరంటే కస్టమర్ అంటోంది. ప్యాంటు పొడుగు తగ్గించమని చెప్పడానికి ఫోన్ చేస్తే ఏ దర్జీ మొహమైనా అంతలా వెలుగుతుందా? కొండల్లో ఎవడో ఉన్నాడు. ఉండే ఉంటాడు. ఆయనకు తిండి సయించడం మానేసింది.

టికెట్ల ఆఫీసుకెళ్లి ఆరా తీశాడు. ఆ అమ్మాయి కాసేపు నీళ్లు నమిలింది. చివరికి, మేడమ్ హోటల్ వద్దన్నారనీ, ఏడాదికి గది దొరుకుతుందా అని అడిగారనీ చెప్పేసింది. ఒకరికా ఇద్దరికా అని అడక్కుండానే ఆయన బయటికొచ్చేశాడు.

మర్నాడు ఆవిడ కొట్టుకు వెళ్లగానే, ఆవిడ బూడిదరంగు కోటు తెచ్చి పెట్టెలో పెట్టాడు. కొండల పేరు చెప్పాడు. లేచింది. "ఇంటికి" అన్నాడు. రెండు చేతులా లాగాడు. గోడకు కాలు తన్నిపెట్టి లాగాడు. నడుం కలుక్కుమంది గానీ పెట్టె ఇసుమంతైనా జరగలేదు. ఆయన నేలమీద కూలబడ్డాడు. కోపమొస్తుందనుకున్నాడు, ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన ఆవిడ, తెరిచిన పెట్టెనూ మొగుణ్నీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నువ్వు తిరిగి రావు," అన్నాడు. "వాడెవడో చెప్పు."

"వాడెవడూ లేడు. నాటకాల వాళ్లకు బట్టలు కుట్టే వర్క్‌షాపు ఉందక్కడ. నేను కుట్టినవి చూసి రమ్మన్నారు. ఏడాది పని, నచ్చితే ఉండిపోవచ్చు." ఆవిడ కోటు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "పాతికేళ్లుగా ఊళ్లోవాళ్ల ప్యాంట్ల అంచులు మడిచి కుట్టాను. ఒక్క రాణి గౌనైనా మొదటి కుట్టు నుంచి నేనే కుట్టాలనుంది."

"నాతో చెప్పొచ్చుగా."

"చెప్తే నా ప్రతి మాటకీ నట్లు విప్పి చూస్తారు. విప్పినవి మళ్లీ బిగించరు. అక్కడికెళ్లాక పూలు చూపిస్తూ చెబుదామనుకున్నా."

ఆయనకు సిగ్గేసింది. లేచి, బీరువాలోంచి రెండు చొక్కాలు, మూలనున్న పాత స్పానర్ల సంచీ తెచ్చి, ఆవిడ కోటు కూడా అడిగి తీసుకుని, అన్నీ పెట్టెలో సర్దాడు.

"అక్కడ లిఫ్టులుంటాయా?" అన్నాడు.

"పాత ఊరండీ. అన్నీ మెట్లేనట."

"నయం. నా చెవికి కాస్త విశ్రాంతి."

ఇద్దరూ చెరోవైపు పిడి పట్టుకున్నారు. ఆవిడ కొండల పేరు చెప్పింది. పెట్టె లేచింది. దించారు. "ఇంటికి" అనడానికి ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. చివరికి ఆయనే కళ్లు మూసుకుని అన్నాడు.

పెట్టె దూదిలా లేచింది. లేచి, లోపలి గది వైపు తిరగలేదు. చక్రాలు వీధి తలుపు వైపు తిప్పుకుంది. ఆయన ఎందుకని అడగలేదు. వెళ్లి గడియ తీశాడు.