వెనక సీటు సుఖం

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న కరుణ ముందు భర్త నరహరి మళ్ళీ ఫోను పెట్టాడు. "గిది చూడు. దీంట్ల వెనక సీటు వెడల్పు. గా దాంట్ల మైలేజీ మంచిగున్నది. ఏది తీసుకుందాం?" అడిగాడే గానీ జవాబు కోసం ఆగలేదు. తార్నాకలో వాళ్ళ అపార్టుమెంటు కింద ఇప్పుడన్నీ ఎత్తు బండ్లే. కిందికి ఉండి, వెనక డిక్కీ ఉండే సెడాన్ కార్ల తయారీ ఒక్కో కంపెనీ మానేస్తోంది. కానీ అత్తగారు బుచ్చవ్వకు మోకాళ్ళ నొప్పి. "ఎత్తు బండి నేనెక్కలేను కొడకా" అన్నది. అందుకే సెడాన్.

"వెనక మీకు సుఖంగుండాలె. నాదేమున్నది, నడుపుడే గద!" వారం నుంచి అతనిది ఇదే మాట. ప్రేమతోనే అంటున్నాడని కరుణకు తెలుసు. ప్రేమతో అన్నదానికి ఎదురెలా చెప్పాలో తెలియకే ఇన్నేళ్ళు గడిచాయి.

నిరుడు, యూనివర్సిటీ ఆఫీసులో తనతో పనిచేసే కౌముది పట్టుబడితే, ఇద్దరూ పొద్దునపూట క్యాంపస్ రోడ్ల మీద కారు నేర్చుకున్నారు. వాకింగ్ చేసేవాళ్ళు తిరిగి చూస్తుంటే మొదట్లో సిగ్గేసింది. తర్వాత చూపంతా రోడ్డు మీదే; వాళ్ళు ఆమెకు కనబడడమే మానేశారు. లైసెన్సు వచ్చిన రోజు నరహరి నవ్వాడు. "మంచిది, ఆధార్ కార్డు లెక్క పనికొస్తది. తార్నాక చౌరస్తల నడుపుడు నీతోని కాదు." పాత కారు తాళాలు అతని జేబులోనే ఉండిపోయాయి. అత్తగారిని హబ్సిగూడలో ఫిజియోథెరపీకి కరుణే తీసుకెళ్తుంది, ఆటోలో. దసరాకు ఆయుధపూజలో కత్తిపీట, మిక్సీ, కారు తాళాల పక్కన తన లైసెన్సు కూడా పెట్టి బొట్టు పెట్టింది. పూజ చేసి పక్కన పడేసిన ఆయుధాన్ని చూసి అమ్మవారు ఏమనుకుంటుందో! దీపం పెట్టినప్పుడల్లా ఆ ఆలోచనే. చౌరస్తా అంటే భయం తనకు నిజంగా ఉందా, ఆయన చెప్పగా వచ్చిందా?

ఆదివారం ముగ్గురూ షోరూముకు వెళ్ళారు. "ఇప్పుడు సెడాన్లు ఎవరు తీసుకుంటున్నరు సార్" అంటూనే సేల్స్ అబ్బాయి ఉన్న రెండూ చూపించాడు. ఇంజను సంగతి నరహరికి, రంగుల సంగతి కరుణకు చెప్పాడు. కరుణ మొదటి కారు ముందు తలుపు తీసి స్టీరింగు వెనక కూర్చుంది. పొట్టి మనిషి, బానెట్ కనబడలేదు.

"ఈ సీటు పైకి లేస్తదా తమ్మీ?"

"దీంట్ల లేవదు మేడం. గా రెండోదాంట్ల లేస్తది."

"గదెందుకు? మనకవసరం లేదు" అన్నాడు నరహరి.

"మీకు లేదు."

రెండో కారులో మీట లాగింది. సీటు మెల్లగా లేచింది, ముందు అద్దంలోంచి రోడ్డు మొత్తం కనబడింది. టెస్ట్ డ్రైవుకు తాళం ఇవ్వబోయిన అబ్బాయి ఎవరికివ్వాలో తెలియక ఆగిపోయాడు. కరుణ బ్యాగులోంచి లైసెన్సు తీసింది. మూలన కుంకుమ ఇంకా అంటుకునే ఉంది. అబ్బాయి తాళం ఆమెకిచ్చి, పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఏంది కరుణా గిది? అందరి ముందట..." నరహరి గొంతు తగ్గించాడు.

అప్పటికే వెనక సర్దుకుని కూర్చున్న బుచ్చవ్వ జరిగింది. "రా కొడకా, జాగున్నది."

కరుణ మనసులో అమ్మవారికి దండం పెట్టుకుని, బెల్టు పెట్టుకుంది.

"ఎక్కుండ్రి. వెనక సుఖంగ ఉన్నదో లేదో కూసొని మీరే చెప్పుండ్రి."